ఎర్రదారం ఈగలు

జైలు నుంచి, హైదరాబాదు
24 ఫిబ్రవరి 2010

గౌరవనీయులైన స్వర్ణలత ఆంటీ గారికి,

మీ మేడ మీద గదిలో కిరాయికుండే అభిలాష్ నమస్కారాలు.

నేను క్షేమంగానే ఉన్నాను. మొన్న అసెంబ్లీ దిక్కు పోతుంటే మమ్మల్ని పట్టుకున్నది మీరు టీవీలో చూసే ఉంటారు. నా చేతిలో జెండా తప్ప ఏమీ లేదు, అయినా కేసులు గట్టిగానే రాసిన్రు. బెయిలుకు జర టైం పడుతుందని వకీలు సాబ్ అంటున్నాడు. ములాఖాత్ ఇంటోళ్లకే ఇస్తారట, మీరు రావాలని పరేషాన్ కాకండి. ఊరి నుంచి మా బాపు జంగయ్య వచ్చి చూసి పోయిండు. ఎల్బీ నగర్‌లో బస్సు దిగి ముందు మీ దగ్గరికే వస్తాడు. గది తాళంచెవి ఆయనతో పంపుతున్నాను.

ఇక అసలు సంగతి. మీరు కోపం చేయొద్దు. నా గదిలో పరదా వెనక అల్మారాలో దూది మూతలు పెట్టిన సీసాలు వరుసగా ఉంటాయి. వాటిలో ఈగలున్నాయి. అన్నం మీద వాలే ఈగలు కావు, అరటిపండు మగ్గితే ముసురుతాయే, ఆ చిన్నవి. నా పీహెచ్‌డీ అంతా వాటి మీదనే. జనవరిలో క్యాంపస్‌లో రోజూ లాఠీచార్జీ, టియర్ గ్యాస్. ల్యాబుకు పోవడం కష్టమైపోయి నేనే వాటిని సంచిలో పెట్టుకొని తెచ్చుకున్నాను. గది ఇచ్చేటప్పుడు మీరు మాంసం వండొద్దన్నారు, సిగరెట్ తాగొద్దన్నారు, ఈగల గురించి ఏమీ అనలేదు కదా అని ధైర్యం చేసిన.

రెండు వారాలకొకసారి వాటిని కొత్త మేత ఉన్న సీసాల్లోకి మార్చకపోతే చచ్చిపోతాయి. మేత కష్టమేం కాదు. బొంబాయి రవ్వ, బెల్లం, చైనా గ్రాస్ నీళ్లలో ఉడకబెట్టి, మరగబెట్టిన సీసాల్లో వేలెడు మందాన పోసి, చల్లారినంక చిటికెడు ఈస్ట్ చల్లాలి. పాత సీసాను అరచేతి మీద తట్టి, దూది తీసి, కొత్త సీసాలోకి బోర్లిస్తే అవే దిగుతాయి. కొన్నిటికి ఎర్రదారం కట్టి ఉంటుంది, కొన్నిటికి తెల్లదారం. కొత్త సీసాలకూ అవే దారాలు కట్టండి.

ఇంత పెద్ద పని మీకు చెప్పడానికి నాకు మొహం లేదు. కానీ నా దోస్తులంతా నాతోపాటు లోపలే ఉన్నారు.

మీ
అభిలాష్


దిల్‌సుఖ్‌నగర్
4 మార్చి 2010

చిరంజీవి అభిలాష్‌కి దీవెనలు.

నాయనా, ఇన్నాళ్లూ మా ఇంట్లో ఈగలు ఎక్కడి నుంచి వస్తున్నాయా అని నేను రోజుకి రెండుసార్లు ఫినాయిలు పెట్టి తుడుస్తున్నాను. పనమ్మాయి అండాలమ్మని ఎన్ని మాటలన్నానో! మేడ మీద నువ్వు ఏకంగా సత్రమే నడుపుతున్నావన్నమాట. నువ్వు బయటికి వచ్చాక ముందు దానికి క్షమాపణ చెప్పు, ఆ తర్వాతే నాతో మాట్లాడు.

మీ నాన్నగారు వచ్చారు. భోజనం చేయమంటే "వద్దమ్మా, తినొచ్చిన" అన్నారు. మా గోదావరి వాళ్ల దగ్గరా ఆ మాటలు? కూర్చోబెట్టి వడ్డించాను. పాపం, మూడో ముద్దకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాడు లోపల ఏం తింటుండో" అన్నారు. ఇంకాస్త పప్పు వడ్డించాను.

మీ అంకుల్ సంగతి తెలుసుగా. త్రినాథరావు గారు పొద్దున్నే పేపరు విప్పి మీ వాళ్లని తిట్టడం, టీవీలో మిమ్మల్ని కొడుతుంటే "చదువుకునే కుర్రాళ్లని అలా కొడతారా దౌర్భాగ్యులు" అని పోలీసుల్ని తిట్టడం. రెండూ ఒకే నోటితో. ఈగల సంగతి వినగానే ఎగిరి పడ్డారు. "ఇల్లు అద్దెకిచ్చామా, పశువుల కొట్టం ఇచ్చామా" అన్నారు. కానీ మర్నాడు సీసాలు మరగబెట్టడానికి పెద్ద గిన్నె అటక మీంచి దింపింది ఆయనే.

నువ్వు చెప్పినట్టే మేత చేశాను. దాన్ని మేత అంటావేమిటి, అది కేసరి! కాస్త యాలకుల పొడి వేద్దామనిపించింది గానీ నువ్వు రాయలేదని ఊరుకున్నాను. మార్చేటప్పుడు ఓ పదో పదిహేనో ఎగిరిపోయాయి. మిగతావన్నీ కొత్త ఇళ్లలో సుఖంగా ఉన్నాయి. దారాలు జాగ్రత్తగానే కట్టాను.

ఇక్కడ వారానికి నాలుగు రోజులు బంద్. మెయిన్ రోడ్డు మీద హోటలు వాడు తన బోర్డులో "ఆంధ్రా భోజనం" అన్నచోట ఆంధ్రా మీద సున్నం కొట్టేశాడు. పప్పు మాత్రం అదే పప్పు. కోచింగ్ సెంటర్లన్నీ మూసి ఉన్నాయి, వీధి బోసిపోయింది.

ఇంతకీ ఆ ఎర్రదారం ఏమిటి, తెల్లదారం ఏమిటి? ఈ పురుగుల్లో ఏం చదువుతున్నావో నాకు అర్థమయ్యేలా రాయి. ఊరికే వండి పెట్టడం నాకు చేతకాదు, ఎవరికి పెడుతున్నానో తెలియాలి.

ఆశీస్సులతో
స్వర్ణలత


జైలు నుంచి
11 మార్చి 2010

ఆంటీ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం బ్యారక్‌లో అందరికీ చదివి వినిపించిన. కేసరి సంగతి విని ఒకడు "అన్నా, నన్ను గా సీసాల ఎయ్యున్రి" అన్నడు. ఇక్కడ ఉత్తరాలు చదివే సారు కూడా నన్ను పిలిచి, "ఈగలకు వంటలేంది, డాక్టర్ పట్టా ఏంది, మంచిగ చెప్పు" అని కుర్చీ ఏసిండు. మీకు చెప్పబోయేదే ఆయనకూ చెప్పిన.

కొన్ని ఈగలు ఆకలికి తొందరగా చచ్చిపోతాయి, కొన్ని ఎక్కువ రోజులు ఓర్చుకుంటాయి. మూడేళ్ల కింద కొత్తపేట పళ్ల మార్కెట్లో పట్టిన ఈగలను నేను రెండు గుంపులు చేసిన. తెల్లదారం గుంపుకు ఎప్పుడూ కడుపు నిండా మేత. ఎర్రదారం గుంపును మాత్రం ప్రతి తరంలో కొన్ని రోజులు మాడబెడతాను. ఒట్టి చైనా గ్రాస్ మీద ఉంచితే నీళ్లు దొరుకుతాయి, తిండి దొరకదు. చాలావరకు పోతాయి. చివరిదాకా నిలబడ్డ వాటికే మేత పెట్టి పిల్లల్ని పెట్టనిస్తాను. మళ్లీ వాటి పిల్లల్లో అట్లనే. అట్ల ముప్పై తరాలు దాటినై. ఇప్పుడు నా ఎర్రదారం ఈగలు తెల్లవాటికంటే మూడింతలు ఎక్కువ ఆకలికి ఆగుతాయి. వాటి ఒంట్లో ఏం మారిందో చూపించడమే నా థీసిస్. ఆఖరి పరీక్షలు రెండు మిగిలినై, నా గైడు గంగాధరరావు సారు రాయడం మొదలు పెట్టమన్నారు కూడా.

ల్యాబులో విడిగా దాచిన రెండో జత సీసాల్లోవి జనవరిలోనే చూసేవాళ్లు లేక చచ్చిపోయినై. ఇప్పుడు మీ అల్మారాలో ఉన్నవే ఉన్నై. వచ్చే ఏడాది జూన్‌తో నా గడువు అయిపోతుంది. అందుకే మీకింత తిప్పలు.

ఇప్పుడు వాటిని మాడబెట్టే పని లేదు. నేను వచ్చేదాకా మామూలుగా మేత పెడితే చాలు. అంకుల్‌కు చెప్పండి, నిరాహార దీక్ష చేసేది మా వాళ్లే కాదు, మా ఈగలు కూడా అని.

మా బాపుకు అన్నం పెట్టినందుకు ఏం రాయాలో తెలుస్తలేదు.

మీ
అభిలాష్


దిల్‌సుఖ్‌నగర్
24 మార్చి 2010

చిరంజీవి అభిలాష్‌కి,

ఉగాది వెళ్లింది. పచ్చడి చేసి నీ వాటా మేడ మెట్ల మీద పెట్టాను, కాకి తిన్నది. నీకు చేరినట్టే అనుకున్నాను.

ఒరేయ్, ఎంత కసాయివాడివిరా నువ్వు! నోరులేని ప్రాణుల్ని ముప్పై తరాల పాటు మాడబెట్టావా? నీ ఉత్తరం చదివి ఆ పూట ఎర్రదారం వాటికి ఈస్టు రెండు చిటికెలు ఎక్కువే చల్లాను. మా ఊళ్లో అయితే నీకు పిల్లనివ్వరు.

ఇక నేను చేసిన ఘనకార్యం విను. పదిరోజుల కిందట చూద్దును కదా, తెల్లదారం సీసాల్లో కొత్త పిల్లలు రెక్కలొచ్చి కిటకిటలాడుతున్నాయి. ఎర్రదారం సీసాల్లో పెద్దవి ఒక్కొక్కటే రాలిపోతున్నాయి, లోపల పురుగులు పాకుతున్నాయి గానీ రెక్కలొచ్చినది ఒక్కటీ లేదు. ఒకరోజు చూశాను, రెండ్రోజులు చూశాను. నువ్వేమో ఇవే ఉన్నాయన్నావు. వంశం ఆగిపోయే ఇల్లులా కనిపించింది నాకు.

మా వైపు ఇలాంటప్పుడు ఏం చేస్తారో తెలుసా? చెల్లెలికి నలుగురు పుడితే పిల్లల్లేని అక్కకి ఒకర్ని ఇచ్చేస్తుంది. పెరిగిన ఇంటి పిల్లే అవుతుంది. అలాగే తెల్లదారం సీసాల్లోంచి పుష్టిగా ఉన్నవి కొన్ని తీసి ఒక్కో ఎర్రదారం సీసాలోకి దత్తత ఇచ్చాను. ఆ ఇంట్లో పెరిగితే ఆకలికి ఓర్చడం అవీ నేర్చుకుంటాయి కదా. దారాలు మాత్రం మార్చలేదు. నమ్ము నమ్మకపో, ఆ తర్వాత ఐదారు రోజులకి ఎర్రదారం సీసాలన్నీ గోలగోలగా నిండిపోయాయి! మీ అంకుల్ కూడా చూసి "నీ చేతి చలవ" అన్నారు.

నిశ్చింతగా ఉండు. నీ వంశాలన్నీ పచ్చగా ఉన్నాయి.

ఆశీస్సులతో
స్వర్ణలత


జైలు నుంచి
31 మార్చి 2010

ఆంటీ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు చేసింది మంచిగనే ఉంది. చాలా శ్రద్ధ తీసుకున్నారు. ఎవరూ ఇంత చేయరు.

ఇకముందు మీరు అంత కష్టపడొద్దు. ఎండలు ముదిరినై, గది రేకుల కింద ఉడికిపోతుంటది. రోజూ మెట్లెక్కి దిగడం మీ మోకాళ్లకు మంచిది కాదు. మళ్లీ మేత చేయకున్నా నడుస్తది. అవి ఉంటే ఉంటాయి, లేకుంటే లేదు. నేను వచ్చినంక చూసుకుంటాను.

బెయిలు మళ్లీ వాయిదా పడింది. ఇక్కడ అంతా మంచిగనే ఉంది. అంకుల్‌కు నమస్కారాలు.

అభిలాష్


దిల్‌సుఖ్‌నగర్
9 ఏప్రిల్ 2010

అభిలాష్‌కి,

నిన్న రమ్య అనే అమ్మాయి వచ్చింది. ఎల్బీ నగర్‌లో ఉంటుందట, మీ ల్యాబులో నీ తర్వాత చేరిందట. మీ సారు నీ ఈగల్ని చూసి రమ్మన్నారని చెప్పింది. నేను మహా గర్వంగా పైకి తీసుకెళ్లి, కాఫీ ఇచ్చి, దత్తత కథంతా చెప్పాను. ఆ పిల్ల కాఫీ గ్లాసు కింద పెట్టేసి నీ మంచం మీద కూలబడిపోయింది. "ఎన్ని సీసాల్లో కలిపారాంటీ?" అంది. అన్నిట్లోనూ అన్నాను. "అయ్యో" అంది. బతిమాలి బతిమాలి అడిగితే అప్పుడు చెప్పింది. ఎర్రదారం వాటికి రెక్కలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయట. ఇంకో నాలుగు రోజులు నేను చేతులు ముడుచుకుని కూర్చుంటే చాలట. ఇప్పుడు ఏది ఎవరి బిడ్డో ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడట.

మూడేళ్లు. నీ మూడేళ్లూ నా ఈ రెండు చేతులతో పాడుచేశాను. నిన్నటి నుంచి వంటింట్లోకి వెళ్లబుద్ధి కావడం లేదు.

కానీ అభిలాష్, నాకు అంతకంటే కోపం వచ్చింది నీ మీద. నీకు తెలుసు. నా ఉత్తరం చదవగానే తెలిసిపోయి ఉంటుంది. తెలిసి కూడా "మంచిగనే ఉంది" అని రాస్తావా? మోకాళ్లు నొప్పి పుడతాయని రాస్తావా? నేను నీ మాట నమ్మి ఆ ముక్క పేటలో అందరికీ చదివి వినిపించాను.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ దత్తత వెళ్లిన పిల్లని నేనే. ఐదు నెలల పిల్లని మా పెద్దమ్మకి ఇచ్చేశారు. ఆవిడే నా అమ్మ, ఆ ఇంటి వంట, ఆ ఇంటి మాట, ఆ ఇంటి కోపం అన్నీ నాకొచ్చాయి. అందుకే ఈగలకీ అంతే అనుకున్నాను. కానీ ఆ సంగతి నాకు నా పెళ్లి పీటల మీద, కన్యాదానం ఎవరు చేయాలన్న గొడవలో తెలిసింది. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. "నువ్వు బాధపడతావని చెప్పలేదమ్మా" అన్నారు. నా బాధ నన్ను పడనివ్వడానికి కూడా నేను పనికిరాలేదు వాళ్లకి. ఇప్పుడు నీకూ పనికిరాలేదు.

మీ అమ్మ ఈ పని చేసి ఉంటే ఏం రాసేవాడివి? "చాలా శ్రద్ధ తీసుకున్నారు" అని రాసేవాడివా? ఇల్లు పీకి పందిరేసేవాడివి. పరాయివాళ్లతోనేరా మర్యాదలు. బయట నాలుగు నెలలుగా ఎవరు ఎవరికి పరాయివాళ్లో మైకుల్లో చెప్తూనే ఉన్నారు, మీ వాళ్లూ మా వాళ్లూ. నువ్వు కూడా ఉత్తరంలో చెప్పక్కర్లేదు.

నాకు తిట్లు కావాలి. నిజం కావాలి. ఇప్పుడేమైనా చేయడానికి మిగిలి ఉంటే అదీ రాయి. అవి రాయకపోతే ఇంక ఏమీ రాయకు.

స్వర్ణలత


జైలు నుంచి
14 ఏప్రిల్ 2010

ఆంటీ,

తిట్లు గావాల్నా? తీస్కో మరి.

ఏం పని జేసినవ్ ఆంటీ? నిన్నెవరు జెయ్యమన్నరు? మేత పెట్టుమన్న, దారం గట్టుమన్న, గంతేగదా చెప్పింది! ఓ పోస్టుకార్డు ముక్క రాసి అడుగొద్దా? "ఎర్రయి లేస్తలెవ్వు, ఏం జెయ్యాలె" అని ఒక్క ముక్క? పండుగలకు సెలవు లేకుంట, మా అవ్వకు జ్వరమొస్తె ఊరికి గూడ పోకుంట, గా ఈగల ముంగట గూసున్న నేను. సచ్చిన ఒక్కొక్క దాన్ని లెక్కబెట్టిన. నీ ఉత్తరం జదివిన్నాడు గోడకు తల గొట్టుకున్న, నిజంగ. రెండు దినాలు బువ్వ ముట్టలె. పక్కపొంటి పోరగాళ్లు నేను దీక్ష వట్టిన్ననుకొని నినాదాలిచ్చిన్రు! నీకు జాలెక్కువ, ఓపిక తక్కువ. బెండకాయ గూర గూడ గట్లనే జేస్తవ్, మగ్గనియ్యకుంట కలిపి కలిపి జిగటజిగట జేస్తవ్. తినలేక సచ్చేది. ఇన్నొద్దులు చెప్పలె.

అయిపోయింది. ఇప్పుడు జర మనసు నిమ్మళమైంది. ఇగ నిజం రాస్త.

తప్పు నాది గూడ ఉన్నది. ఎర్రయి ఆలస్యంగ లేస్తయని నేనే రాయాలె. నాకు రోజూ కనవడేది గాబట్టి, ఇంకొకళ్లకు తెల్వదన్న సోయే లేకపాయె. అబద్ధం రాసింది భయంతోని. నువ్వు బాధపడ్తవని కాదు. గీ దినాలల్ల ఒక ఆంధ్రా ఇంటామె నాకోసం సీసాలు మరగవెడ్తున్నదని బ్యారక్ మొత్తం చెప్పుకున్న. నిన్ను తిడితె నువ్వు దూరమైతవని భయమైంది. బయట గంత జరుగుతుంటె, లోపల నాకు గా ఉత్తరాలే ఉన్నయి. మర్యాదగ రాస్తె పోకుంట ఉంటవనుకున్న.

పెంపకం ఈగలకు అంటదు ఆంటీ, వాటికి పుట్టుకే. మనుషులకు అంటుతది. నిన్ను జూస్తెనే తెలుస్తది, మీ పెద్దమ్మ ఎట్లాంటిదో.

ఇగ ఏమన్న మిగిలిందా అని అడిగినవ్. మొన్నటిదాంక లేదనుకున్న. "ఉంటే ఉంటయి, లేకుంటే లేదు" అని రాసినప్పుడు నేను ఆశ ఇడిషిపెట్టిన. నువ్వడిగినంక నిన్న పగలంత గూసొని ఆలోచన జేసిన. కలిసినయాట్ల సగం నెత్తురు ఇంక పాతదే. ఇప్పటిసంది మళ్లీ మాడవెడ్తె, పాత గుణం ఉన్నయే నిలవడ్తయి. మొదటిసారి లెక్క ముప్పై తరాలు వట్టది. పది పన్నెండు తరాలల్ల దగ్గరికొస్తదేమో. గడువు లోపల అయితదా, జర కష్టమే, కని అయితె కావచ్చు. తెల్లయి ఎట్లున్నయో అట్లనే ఉన్నయి గదా, అది అదృష్టం. రమ్యతోని సారుకు చెప్పిస్త.

కని నేను బయటికొచ్చేదాంక ఆగితె ఒక తరం, రెండు తరాలు పోతయి. ఎవరన్న ఇప్పుడే మొదలువెట్టాలె. రమ్య నీకు చూపిస్తది, ఈగలు పట్టేది, లెక్కవెట్టేది. ఎర్రదారమోటిని ఒట్టి చైనా గ్రాస్ మీద ఎయ్యాలె. బెల్లం లేదు, రవ్వ లేదు, ఈస్ట్ లేదు. అయిదింట్ల నాలుగొంతులు సచ్చేదాంక చూసుకుంట ఉండాలె. చెయ్యి పెట్టొద్దు. మిగిలినయాటికే మేత.

నువ్వు జేస్తవా? నీతోని అయితదా?

అభిలాష్


దిల్‌సుఖ్‌నగర్
28 ఏప్రిల్ 2010

ఒరేయ్ అభిలాష్,

నీ ఉత్తరం మీ అంకుల్‌కి చదివి వినిపించాను. బెండకాయ కూర దగ్గర ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, ముప్పై ఏళ్లుగా తను చెప్పలేని మాట కుర్రాడు ధైర్యంగా చెప్పాడన్నారు. ఇద్దరి పనీ తర్వాత పడతాను. ఆ పూట వంటింట్లోకి వెళ్లి అన్నం వండాను, చాలా రోజులకి ఆకలి వేసింది.

మొదలుపెట్టాను. రమ్య రెండుసార్లు వచ్చి నేర్పింది. చైనా గ్రాస్ కాచేటప్పుడు చెయ్యి అలవాటున బెల్లం డబ్బా మీదికి వెళ్లింది. మీ అంకుల్ ఆ డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. నన్ను ఎరిగిన మనిషి.

ఒక రోజు బాగానే ఉన్నాయి. రెండో రోజు కాస్త నెమ్మదించాయి. ఆ తర్వాత నేను చూడలేకపోయాను, చూడకుండా ఉండనూ లేకపోయాను. కుర్చీ వేసుకుని అల్మారా ముందు కూర్చున్నాను. కింద వంటింట్లో రవ్వ ఉంది, బెల్లం ఉంది, ఇక్కడ నా కళ్ల ముందు ఆకలితో ఒక్కొక్కటే రాలుతున్నాయి. కాకికి పెట్టకుండా తినని ఇంట్లో పెరిగినదాన్ని. మా అమ్మ బతికుండి ఇది చూస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. ఒకసారి లేచి మెట్లదాకా వెళ్లాను కూడా. మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఏడుపొస్తే ఏడ్చాను గానీ చెయ్యి పెట్టలేదు.

నిన్న ఉదయం రమ్య లెక్క చూసి "చాలాంటీ, ఇప్పుడు పెట్టొచ్చు" అంది. కేసరి అప్పటికే చల్లారబెట్టి ఉంచాను. మిగిలినవి గుప్పెడే. సీసా బోర్లించగానే మేత మీదికి ఎలా దిగాయనుకున్నావు! ఇవాళ పొద్దున్నకల్లా గుడ్లు పెట్టేశాయని రమ్య భూతద్దంలో చూపించింది. సీసా మీద దారం కట్టి, "మొదటి తరం" అని నేనే రాశాను.

రెండో తరానికి నువ్వు ఉంటావో, మళ్లీ నేనే కూర్చోవాలో ఆ జడ్జి గారి దయ. బెయిలు రాకపోతే కంగారు పడకు. నేను ఉన్నాను, ఇప్పుడు నాకు వాటిని ఆకలితో ఉంచడం వచ్చు.

స్వర్ణలత